అమ్మ చావుకు ఒక హెచ్చరిక వేయించండి

కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి వారికి
(1983లోనే మీ పేరు మారినా మా ఊళ్లో ఇప్పటికీ సెన్సార్ వాళ్లనే అంటారు. మన్నించగలరు.)

విషయం: తెర మీద జరుగుతున్న అమ్మానాన్నల అకాల మరణాల గురించి.

అయ్యా,

పై విషయమును పురస్కరించుకొని తమరికి విన్నవించుకొనునది ఏమనగా, తెర మీద ఎవడైనా బీడీ ముట్టించాడో లేదో, మూలన హెచ్చరిక ప్రత్యక్షమవుతోంది. అది ఆరోగ్య శాఖ వారి నిబంధనే అనుకోండి, కానీ సినిమా చూసి పైకి పంపేది తమరే కదా. ఎద్దుతోనో ఏనుగుతోనో నటింపజేస్తే జంతు సంక్షేమ మండలి కాగితం కావాలి. అదీ బాగుంది. హీరోకి కోపం తెప్పించడానికి ఏటా చచ్చిపోతున్న తల్లులు, చెల్లెళ్లు, చిన్ననాటి స్నేహితుల తరఫున అడిగే దిక్కు మాత్రం లేదు.

ఆ చావులు ఎలా ఉంటాయో తమరికి వేరే చెప్పాలా, మాకంటే ఎక్కువే చూసి ఉంటారు. మొదటి పాటకు ముందు అమ్మ కొడుక్కి ముద్దలు కలిపి పెడుతుంది. ఏం కూరో తెలియదు. ఆవిడకో పేరుందేమో, సినిమా అయ్యాక స్టాండు దగ్గర ఎవరినడిగినా చెప్పలేరు. ఇంటర్వెల్ దగ్గర పడేసరికి పోతుంది. వయొలిన్లు మొదలవుతాయి, కాసేపటికి డప్పులు వాటిని మింగేస్తాయి, హీరో మెల్లగా తల ఎత్తుతాడు. నా పక్క సీటు కుర్రాడు ఈల వేస్తాడు. వాణ్ణి ఏమీ అనలేం, ఆ సీను రాసిందే ఈల కోసమాయె.

ఇబ్బంది ఎక్కడంటే, అదే వరసలో నిజంగా అమ్మను పోగొట్టుకున్నవాడూ కూర్చుని ఉంటాడు. పెద్ద కర్మ అయ్యాక ఇంట్లో ఏం మిగులుతుందో వాడికి తెలుసు. రేషన్ కార్డులో పేరు తీయించడానికి తిరగాలి. ఫోన్లో ఆవిడ నంబరు ఉంచాలో తీసేయాలో తేలదు. ఆవిడ పెట్టి వెళ్లిన ఆవకాయ జాడీ ఏ కోడలు పట్టుకెళ్లాలన్న దగ్గర మాట పట్టింపులొస్తాయి. వీటిలో ఒక్కటైనా చూపించడానికి మూడు గంటల సినిమాలో రెండు నిమిషాలు దొరకవు. గొడ్డలి చేతికెలా వచ్చిందో చూపించడానికి మాత్రం నాలుగు కోణాలు పెడతారు.

భారీ సినిమాలంటే నాకు గిట్టదని అనుకునేరు. ‘పుష్ప 2’ మూడు గంటల ఇరవై నిమిషాలూ సీట్లోంచి లేవకుండా చూశాను. ఆ ఫైట్లన్నీ ఒక ఎత్తు, ఇంటిపేరు వాడుకోనివ్వని కుటుంబం చివరికి పుష్పను తనవాడని ఒప్పుకోవడం ఒక ఎత్తు. అది ఎందుకు తగిలిందంటే, 2021లో వచ్చిన మొదటి భాగం నుంచీ ఆ లోటు వాడి వెంట నడుస్తూనే ఉంది. నిశ్చితార్థం రోజు నలుగురిలో జరిగిన అవమానం మనకు గుర్తుంది. అంతకాలం మోసిన బరువు గనక దించినప్పుడు మనకూ ఊపిరి ఆడింది. మిగతా సినిమాలవాళ్లు బరువు ఎత్తకుండానే దించేసి, చప్పట్లు కొట్టమంటారు.

ఇక ‘బలగం’ (2023) సంగతి. వేణు యెల్దండి తీసిన ఆ సినిమాలో చావు మొదట్లోనే అయిపోతుంది, ఎవడూ ఎవణ్ణీ నరకడు. పోయినవాడి పేరున పిట్టకు పెడితే కాకి ముట్టదు, అంతే. ఎందుకు ముట్టదా అని తవ్వుకుంటూ పోతే ఇంట్లో పాత పగ బయటపడుతుంది, దాని మూలం ఒక నల్లి బొక్క, అంటే మాంసంలో మూలుగ ఎముక. విందులో ఆ బొక్క దగ్గర మాటామాటా పెరిగి అల్లుడు అలిగిపోతాడు, ఆడబిడ్డ ఏళ్ల తరబడి పుట్టింటి గడప తొక్కదు. ఆ ముచ్చట మొదట విన్నప్పుడు హాలంతా పగలబడి నవ్వింది. చివర్లో బుర్రకథ పాట అందుకునేసరికి అదే బొక్క అందరి గొంతులోనూ అడ్డం పడింది. నవ్విన సంగతికే ఏడిపించడం ఎంత కష్టమో రాసేవాళ్లకు తెలుసు. తెరలు కట్టుకుని ఊరు ఊరంతా కలిసి చూసిన పల్లెలున్నాయంటే, ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక నల్లి బొక్క ఉండబట్టే.

‘35 చిన్న కథ కాదు’ (2024) లో అయితే ఎవరూ పోరు. తిరుపతిలో ఒక పిల్లాడు, విలువ లేని సున్నా ఒకటి పక్కన చేరగానే పది ఎలా అయిందని అడుగుతాడు. ఎవరూ సరిగ్గా చెప్పరు. పదో తరగతి తప్పిన వాళ్లమ్మ వాడి కోసం మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది. కావలసింది ముప్పై అయిదు మార్కులు. ఆ మార్కుల కోసం నేను పడ్డ కంగారు, ప్రపంచాన్ని కాపాడే ఏ హీరో కోసమూ పడలేదు.

అలాగని చిన్న సినిమా అయితే చాలు, గుండె లోతు ఉన్నట్టే అనే భ్రమ కూడా లేదు. మిద్దె మీద ఆరేసిన చీరలు, నిదానంగా కురిసే వాన, గుసగుసగా చెప్పే డైలాగు. ఇదీ మూసే, కాకపోతే చవక మూస.

కావున నా అర్జీ ఏమనగా, కేవలం ఇంటర్వెల్ కోసం ఎవరినైనా చంపినప్పుడు తెర కింద ఈ అక్షరాలు వేయించాలి: “ఈ మరణం ఫైటు నిమిత్తం జరుపబడినది. ప్రేక్షకులు కంట తడి పెట్టనవసరం లేదు.” 2024 నుంచి తమరు యు/ఎను ఏడు, పదమూడు, పదహారు ఏళ్లని మూడు ముక్కలుగా ఇస్తున్నారు. పిల్లల మీద అంత శ్రద్ధ పెట్టినవారు, తలకొరివి పెట్టి వచ్చిన పెద్దవాళ్లకూ ఒక ముక్క కేటాయించలేరా? ఏది ఫైటు చావో తేల్చడం కష్టమని తమరు అనవచ్చు. పరిశీలన కమిటీలో ఊళ్లోంచి ఒక పెద్దావిడను కూర్చోబెట్టండి. పది ఇళ్లలో దుఃఖం పంచుకున్న మనిషికి దొంగ ఏడుపు ఏదో చెప్పడానికి రెండో రీలు దాకా అక్కర్లేదు.

రుసుము ఎంతో తెలియజేస్తే డీడీ తీసి పంపుకోగలవాణ్ణి. డబ్బింగ్ సినిమాలకు కూడా ఈ నిబంధన వర్తింపజేయ ప్రార్థన. అక్కడ అమ్మలు ఇంకా త్వరగా పోతున్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
టికెట్టు కొనుక్కునే ఒక ప్రేక్షకుడు