‘గీడ డెడ్‌లైన్ ఏది తమ్మీ?’ – టీకా తాత్పర్య సహితం

మూలం:
గీడ డెడ్‌లైన్ ఏది తమ్మీ? ఆవలోడు పలుకకపోతె ఎంతసేపు కూసుంటం? మల్ల పిలిస్తె పని రెండుసార్లయితది. తక్కిందంత ఎల్‌జీటీఎం.

అవతారిక:
సీ++లో రాసిన ఒక ఓపెన్ సోర్స్ ఆర్‌పీసీ లైబ్రరీకి ఒక కుర్రవాడు 14 ఫైళ్లలో మార్పులు చేసి పంపగా, జక్రాన్‌పల్లిలో 44వ నంబరు జాతీయ రహదారి లారీల హోరు వినబడు మేడగదిలో కూర్చుండి, అర్ధరాత్రి దాకా చదివి, సమీక్షకుడు ఈ నాలుగు వాక్యములు సెలవిచ్చెను. ఆర్‌పీసీ అనగా ఎక్కడో వేరే యంత్రములో ఉన్న ఫంక్షనును మన ఇంట్లోదే అన్నట్టు పిలుచుట. చిక్కంతా ఆ ‘అన్నట్టు’లోనే ఉన్నది.

ప్రతిపదార్థం:
గీడ = ఈ వరుసలో; డెడ్‌లైన్ = ఇంతవరకే ఆగుదును అనెడి గడువు; ఏది = లేదు అని అర్థము, వెతికితిని సుమా అని ధ్వని; తమ్మీ = ఓ సోదరా (కోపము లేదని సూచన; ‘సార్’ అని ఉన్నచో భయపడవలెను); ఆవలోడు = సర్వరు; పలుకకపోతె = జవాబీయనిచో. ‘చచ్చిపోతే’ అని కొందరందురు. పొసగదు. ప్రోగ్రాము చచ్చిన కనెక్షను తెగును, సంగతి తెలియును. బతికి ఉండి పలకనివాడితోనే తంటా. కూసుంటం = థ్రెడ్డునూ మెమరీనీ పట్టుకొని పడిగాపులు పడుదుము; తక్కిందంత = మిగిలిన 13 ఫైళ్లు; ఎల్‌జీటీఎం = నాకు బాగానే కనబడుచున్నది. దీనికి ‘నేను చదవలేదు’ అను అర్థము లోకమున ప్రసిద్ధమే గాని, ఇచ్చట గ్రాహ్యము కాదు.

విశేషం:
కుర్రవాడూ తక్కువవాడేం కాదు, గడువు అక్కర్లేదనడానికి ప్రమాణం చూపించాడు. 1984లో ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ అనే ఇద్దరు జిరాక్స్ వాళ్ల పరిశోధనశాలలో ఆర్‌పీసీ కట్టి వ్యాసం రాశారు. అందులో జవాబు కోసం ఇంతసేపే ఆగాలన్న హద్దు లేదు. అవతలి యంత్రం బతికే ఉందా అని మధ్యమధ్య పలకరిస్తారు, ఉందంటే ఆగుతూనే ఉంటారు. మామూలు ఫంక్షనుకు గడువు పెడతామా, దీనికెందుకని వాళ్ల వాదం. వాదం చక్కనిదే. కానీ కుర్రవాడు మార్చిన లైబ్రరీని వాడేది ఆ శాలలో కాదు. 2015లో గూగుల్ బయటపెట్టిన జీఆర్‌పీసీలోనూ మనం పెట్టకపోతే గడువు ఉండదు. పెట్టి తీరమని దాని పత్రాలే చెబుతాయి. గడువు లేని పిలుపు ఎలా ఉంటుందో జక్రాన్‌పల్లి వాళ్లకు వివరించనక్కర్లేదు, ఊరికి విమానాశ్రయం వస్తుందన్న మాట ఏళ్లుగా వింటున్నారు.

మూడో వాక్యమే ఈ మూలానికి గుండెకాయ. జీఆర్‌పీసీలో గడువు తీరితే 4వ నంబరు ఎర్రర్ వస్తుంది. పని జరగలేదని దానర్థం కాదు. జరిగిందో లేదో మనకు తెలియదని మాత్రమే. మా మేనమామ ఒకసారి నిజామాబాద్ గంజ్‌లో అడ్తిదారుకు ఫోన్ చేసి “పసుపు ఇరవై సంచులు అమ్మెయ్యి” అన్నాడో లేదో సిగ్నల్ పోయింది. విన్నాడో లేదోనని మళ్లీ చేసి అదే మాట చెప్పాడు. ధర పెరిగేదాకా ఆపుదామనుకున్న ఇరవైతో కలిపి నలభై సంచులూ సాయంత్రానికి అమ్ముడుపోయాయి. లాట్ నంబరు చెప్పి ఉంటే అవతలివాడు “గదే గదా” అనేవాడు. బిరెల్, నెల్సన్‌లు కూడా ప్రతి పిలుపుకూ ఒక గుర్తు తగిలించి, అదే గుర్తుతో మళ్లీ వచ్చినదాన్ని పక్కన పారేసేవారు. పాపం, కుర్రవాడు వ్యాసంలో తనకు పనికొచ్చే పేరా చదివి ఈ పేరా వదిలేశాడు.

తాత్పర్యం:
ఓ తమ్ముడా, గడువు పెట్టుము, పిలుపుకొక నంబరు వేయుము, అటుపిమ్మట మాత్రమే రెండవసారి పిలువుము.

అనుబంధం:
మరునాడు కుర్రవాడు పిలుపుకు నంబరు వేసి, గడువు 30 సెకన్లని రాసి పంపెను. దానికి మూలకర్త వ్యాఖ్య ఒక్క పదమే: “గంతనా?”
గంత = అంత. ఎక్కువైనదనియా, చాలదనియా అన్నది టీకాకారుల మధ్య ఇంకను తెగలేదు.