పిలవని పేరంటానికి వచ్చిన నీళ్ళకు

పెట్రోలు ట్యాంకు అడుగున మకాం వేసిన నీళ్ళకు,

కోయంబత్తూరు జిల్లా అన్నూరు నుంచి రాస్తున్నాను. మా ఊరు నీకు తెలియకపోవడానికి వీల్లేదు. మేం నిన్ను పిలిచినంతగా ఇంకెవరూ పిలిచి ఉండరు. నైరుతి మేఘాలు పడమటి కొండల అవతలే బరువంతా దించుకుని, ఇటు వట్టి చేతులతో వస్తాయి. బావులు ఎండాయి, బోర్లు దిగాయి, బోర్ల పక్కన ఇంకా లోతు బోర్లు దిగాయి. అత్తికడవు-అవినాశి పథకం కోసం ఈ వైపు జనం అరవై ఏళ్ళు అర్జీలు పెట్టుకున్నారు. తాతలు అడిగిన నీళ్ళు మనవళ్ళ కాలానికి వచ్చాయి: 2024 ఆగస్టు 17న పథకం మొదలైంది. భవానీ నదిపై కాళింగరాయన్ ఆనకట్ట దిగువన మిగులు నీళ్ళు తోడి, కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు జిల్లాల్లో 1,045 చెరువులకూ కుంటలకూ పంపడం దాని పని. దారిలో ఆరు పంపింగ్ స్టేషన్లు. చివరిది మా అన్నూరులోనే.

అంటే, మా చెరువులోకి రావాలంటే నిన్ను ఆరు చోట్ల ఎత్తిపోయాలి. మా ఇంజను ట్యాంకులోకి రావడానికి మాత్రం మూత వాషరు కాస్త అరిగితే చాలింది! మర్యాదగా పిలిచిన చోటికి బతిమాలించుకుని వస్తావు, పిలవని చోటికి పరుగున వస్తావు.

ఆ ఇంజను సంగతి చెప్తాను. మా మామగారి హయాంలో కొన్నది. పెట్రోలుతో లేచి కిరసనాయిలుతో నడిచే చిన్న పంపుసెట్టు. ట్యాంకులో రెండు గదులుంటాయి. చిన్న గదిలో పెట్రోలు, పెద్ద గదిలో కిరసనాయిలు. పెట్రోలు మీద తాడు లాగి లేపాలి, ఒళ్ళు వేడెక్కాక ట్యాపు కిరసనాయిలు వైపు తిప్పాలి. ఆపే ముందు మళ్ళీ పెట్రోలుకు తిప్పి కాసేపు నడపాలి, లేకపోతే మర్నాడు కార్బొరేటర్‌లో కిరసనాయిలే మిగిలి చల్లటి ఇంజను లేవనంటుంది. ఈ ఏర్పాటులో నీకు దొరికిన సందు ఆ చిన్న గది. నీళ్ళు తోడే రోజుల్లో కిరసనాయిలు రోజూ పోస్తాం, రోజూ ఖర్చవుతుంది. పెట్రోలు వాడేది కొద్ది నిమిషాలే. కాబట్టి అది నెలల తరబడి కదలకుండా కూర్చుంటుంది. నువ్వూ దాని కింద కూర్చుంటావు.

ఈమధ్య వానలకు మా తోట చివర కుంటలో నీళ్ళు నిలిచాయి. గట్టు దాకా కరెంటు లేదు. కరివేపాకు మడులకు తడి పెట్టాలని కొట్టం మూల నుంచి ఇంజను బయటికి లాగాం. చోక్ మూసి తాడు లాగితే లేచింది. చోక్ తెరిచామో లేదో రెండు దగ్గులు దగ్గి చచ్చింది. మళ్ళీ మూస్తే మళ్ళీ లేచింది, తెరిస్తే మళ్ళీ చచ్చింది. నీళ్ళు తోడే యంత్రాన్ని నీళ్ళే ఆపడం ఏం చోద్యమో నువ్వే చెప్పాలి.

ఇలాంటప్పుడు అందరి వేలూ ప్లగ్గు మీదికే పోతుంది. మెకానిక్ కుర్రాడు వచ్చీరాగానే "ప్లగ్గు పోయింది మామా, మార్చేద్దాం" అన్నాడు. మార్చాడు. తర్వాత మాగ్నెటో మీద అనుమానపడ్డాడు. మెరుపు నీలంగా, బలంగా వస్తూనే ఉంది. నిజానికి చోక్ ముందే సాక్ష్యం చెప్పింది. చోక్ మూస్తే గాలి తగ్గి ఇంధనం పాలు పెరుగుతుంది. అప్పుడు మాత్రమే నడుస్తోందంటే మెరుపుకు లోటు లేదు, ఇంధనం చాలడం లేదని అర్థం. ఇక వెతకాల్సింది ట్యాంకు నుంచి కార్బొరేటర్‌లోని జెట్టు దాకా ఉన్న మూరెడు దారి. నీ అదృష్టం ఏమిటంటే, ఆ దారిని జనం చివర చూస్తారు.

ఆ దారిలో నేరస్థుడివి నువ్వొక్కడివే కాదని ఒప్పుకుంటాను. మూతలో గాలి రంధ్రం పూడిపోయినా ఇంజను కాసేపు నడిచి ఆగుతుంది. మూత వదులు చేసి కాసేపాగితే లేచిందంటే దోషం దానిదే. రబ్బరు గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోయినా ఇంతే. కేరళ తీరంలో జాలర్ల పడవలకు వెనక తగిలించే మోటార్లూ చాలావరకు మా ఇంజను లాగే పెట్రోలుతో లేచి కిరసనాయిలుతో నడుస్తాయి. పడవ మోటారు గొట్టం మధ్యలో రబ్బరు బల్బు ఒకటుంటుంది. మోటారు తగ్గుతున్నప్పుడు బల్బు నొక్కితే మళ్ళీ పుంజుకుంటే మోటారులోని ఇంధన పంపు పొర చినిగిందని, బల్బు నొక్కుకుపోయి లేవకపోతే ట్యాంకు వైపే అడ్డం ఉందని అనుకోవాలి. మంచి ఉపాయం. మాకా బల్బు లేదు, గాజు సీసానే గతి.

నిన్ను పట్టింది ఆ సీసాతోనే. కార్బొరేటర్ కింది గిన్నెకున్న స్క్రూ వదులు చేసి, వచ్చినదంతా తెల్లటి సీసాలో పట్టి, నీడలో నిలబెట్టాను. ముందు మబ్బుగా ఉంది. తేరుకున్నాక అడుగున నువ్వు కనిపించావు, చింతగింజంత బొట్టు. సీసా వంచితే పెట్రోలు ఒక పక్కకు జారింది, నువ్వు గుండ్రంగా దొర్లుతూ అడుగునే తిరిగావు. పెట్రోలు లీటరు సుమారు ముక్కాలు కిలోనే తూగుతుంది, నువ్వు కిలో తూగుతావు. అందుకే ఎక్కడ పోసినా అడుగుకే చేరతావు. కార్బొరేటర్ గిన్నెలో జెట్టు మూతి ఉండేదీ అడుగునే. సన్నటి ఇత్తడి రంధ్రానికి నీ చుక్క అడ్డం నిలిస్తే పెట్రోలు పైన ఎంత ఉన్నా అందదు.

ఎలా వచ్చావంటే అందరూ ఎథనాల్ పేరు చెప్తున్నారు. పెట్రోలులో సారాయి కలిపారు, అది గాలిలో తేమను తాగుతుంది, పాత ఇంజన్లు పాడవుతున్నాయి అని. కొంత నిజమే. దేశంలో ఎథనాల్ కలపడం 2003లో అయిదు శాతంతో మొదలైంది, 2022 జూన్‌కు పది శాతానికి, 2025లో ఇరవైకి చేరింది. ఆలోచన అంతకన్నా పాతది, 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం ఉండేది. కానీ న్యాయం మాట్లాడాలంటే, కొద్దిపాటి నీటిని ఎథనాల్ తనలో కలుపుకుని ఇంజను లోంచి ఆవిరిగా బయటికి పంపేస్తుంది. ఎథనాల్ లేని పెట్రోలులో పడ్డ చుక్క చుక్కగానే ఉండిపోతుంది. పది శాతం ఎథనాల్ ఉన్న లీటరు పెట్రోలు సుమారు చెంచాడు నీళ్ళు దాచుకోగలదు, ఇరవై శాతమైతే ఇంకాస్త ఎక్కువ. గొడవంతా ఆ హద్దు దాటాకే. అప్పుడు నువ్వొక్కడివే కిందికి దిగవు, ఎథనాల్‌నూ వెంట లాక్కుపోతావు. పైన మిగిలేది ఆక్టేన్ తగ్గిన పెట్రోలు, కింద చేరేది ఇంజనుకు ఏ రకంగానూ పనికిరాని నీళ్ళ సారాయి. చలికి ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. మార్గళి రాత్రుల్లో బాగానే ఉన్న పెట్రోలు తెల్లారేసరికి రెండు పొరలవడానికి కారణం అదే.

రెండు స్ట్రోకుల ఇంజన్లకు ఇది మరీ ప్రమాదం. పాత పడవ మోటార్లయినా, పాత మోపెడ్లయినా, వాటికి పెట్రోలులో కలిపిన నూనే ప్రాణం. పొరలు విడిపోతే నూనె పైన పెట్రోలుతో ఉండిపోతుంది. ట్యాపు లాగేది కింది పొరను. నూనె అందని పిస్టన్ సిలిండర్‌ను గీసుకుని పట్టేస్తుంది. మా ఇంజను నాలుగు స్ట్రోకులది, నూనె వేరే ఉంటుంది కాబట్టి దగ్గుతోనే బయటపడింది.

అయినా మా ట్యాంకులో చేరిన నిన్ను తేమ ఖాతాలో రాయలేను. గాలి తేమ కూడితే అంత నీరు కావడానికి చాలా కాలం పడుతుంది. కొట్టం రేకుల సందు సరిగ్గా మూత మీదే కారుతోంది, వాషరు బెండులా ఎండి పగిలింది. నువ్వు దర్జాగా పైనుంచే దిగావు.

మెకానిక్ కుర్రాడు అప్పటికే కార్బొరేటర్ మొత్తం విప్పుదామని స్పానర్లు పరిచాడు. ఈ నేల గుణం అది. కలంగల్‌లో 1893లో తెలుగు ఇంట పుట్టిన జి.డి. నాయుడు గారు రడ్జ్ మోటారు సైకిలు కొని విప్పి బిగించి నేర్చుకున్నారు, 1920లో పొల్లాచ్చి-పళని బస్సుతో మొదలుపెట్టి ఎంత దూరం పోయారో కోయంబత్తూరు అంతా చెప్తుంది. విప్పడం మంచిదే. కానీ ట్యాంకు అడుగున నిన్ను ఉంచి కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా మర్నాటికి నువ్వు గిన్నెలో హాజరు. అందుకే ముందు ట్యాంకు ఖాళీ చేయించాను. ట్యాపు కింది గిన్నెలో తుప్పు బురద చేరి ఉంది. తర్వాతే కార్బొరేటర్ విప్పనిచ్చాను. గిన్నె లోపల తెల్లటి పొడి పట్టింది, నువ్వు లోహాన్ని తిన్న ఆనవాలు. జెట్టులో తీగ పెట్టబోతే వద్దన్నాను. గీత పడితే రంధ్రం కొలత మారుతుంది, ఆ తర్వాత ఇంజను తాగే లెక్క ఎన్నటికీ కుదరదు. పెట్రోలులో నానబెట్టి గాలి కొడితే తెరుచుకుంది.

ఇంకా పాత ఇంజన్లలో కార్బొరేటర్ గిన్నెలో తేలే బెండు ఫ్లోటుకు లక్క పూత ఉంటుంది. ఎథనాల్ ఆ లక్కను కరిగిస్తుంది. బెండు పెట్రోలు పీల్చి మునిగితే గిన్నె పొంగుతుంది. ఆ తప్పు నీది కాదు, కాబట్టి నీ మీద వెయ్యను.

ఇక మన ఒప్పందం. మూతకు కొత్త వాషరు పడింది, రేకు సందు మూసేశాం. పెట్రోలు గదిలో ఇకమీదట వారం పది రోజుల్లో అయిపోయేంతే పోస్తాం. పని లేని నెలల్లో ట్యాపు కట్టి, గిన్నె ఎండి ఆగేదాకా ఇంజను నడిపి, ట్యాంకు ఖాళీగా ఉంచుతాం. సీసా కొట్టంలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. మళ్ళీ దగ్గు వినిపిస్తే ప్లగ్గు స్పానరు కన్నా ముందు దాన్నే అందుకుంటాం. నీకు కుంట ఉంది, చెరువు ఉంది, కావాలంటే ఎండిన మా బావీ ఉంది. అక్కడ ఎంత కాలం ఉన్నా అద్దె అడగం.

ఇట్లు,
తాడు లాగి లాగి భుజం పట్టేసిన ఒక అన్నూరు రైతు

తా.క.: నీతో కలిసి చెడిన ఆ పాత పెట్రోలును కుంట గట్టున పారబోయలేదు. డబ్బాలో పట్టి, మూత బిగించి, మెకానిక్ కుర్రాడికి ఇచ్చాను. పైపొర తేర్చి పళ్ళ చక్రాల జిడ్డు కడుగుతానన్నాడు. అడుగు పొరను ఏం చెయ్యాలో అతనికీ తోచలేదు, డబ్బాలోనే ఉంది.