అట్లకాడ, అర్రే లెక్క

ఇంటర్వ్యూకి తయారవుతున్న ఆయనకి వారం రోజులుగా తిన్నది ఒంటబట్టడం లేదు. కారణం ఒక అర్రే, అంటే అంకెల వరస. అందులోని అంకెలన్నీ సమానం చేయాలి; ఒక్కో విడతలో ఏదో ఒకదాన్ని వదిలేసి మిగతా అన్నిటికీ ఒకటి కలపాలి. కనీసం ఎన్ని విడతలు? 1, 2, 3 ఇస్తే జవాబు 3. పెద్ద అంకెలిస్తే మాత్రం, ఆయన రాసిన కోడ్‌కి ఎర్రక్షరాల్లో ఒకటే జవాబు: టైమ్ లిమిట్ దాటింది.

పదిహేడేళ్ళ సర్వీసు. అర్ధరాత్రి కూలిన సర్వర్లని లేపి నిలబెట్టిన మనిషి. ఆఫీసులో సెలవు చీటీకే నాలుగు సంతకాలు కావాలి, ఇంటర్వ్యూలో మాత్రం అంతా 'కనీసం'!

ఈ కనీసాల వంశంలోదే అట్ల లెక్క. 1975లో జేకబ్ గుడ్‌మన్ అనే గణితవేత్త దాన్ని 'హ్యారీ డ్వైటర్' అనే మారుపేరుతో అచ్చువేయించాడు. గబగబా పలికితే ఇంగ్లీషులో 'సతమతమవుతున్న హోటల్ సర్వర్' అని వినబడుతుంది. దొంతరలో పాన్‌కేకులు చిన్నాపెద్దా కలగలిసి ఉన్నాయి. అట్లకాడ ఎక్కడ దూర్చినా, దానిపైనున్నవన్నీ కలిసి తిరగబడతాయి. పెద్దది అడుగుకి, చిన్నది పైకి రావాలి. 1979లో బిల్ గేట్స్, తన ప్రొఫెసర్ పాపడిమిట్రియూతో కలిసి దీని మీద పరిశోధన పత్రమే రాశాడు: ఎన్ని అట్లున్నా, వాటి సంఖ్యకి సుమారు 1.67 రెట్లు తిప్పితే చాలని. దాన్ని 1.64కి దించడానికి డాలస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళు వచ్చేసరికి దాదాపు ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. ఈలోగా ఎన్ని అట్లు చల్లారిపోయాయో!

అట్లతద్ది వాయనానికి పదకొండు అట్లు పెడతారు కదా, అవి ఎంత అస్తవ్యస్తంగా ఉన్నా 13 సార్లు తిరగేస్తే వరసకొస్తాయి. ఇది లెక్కకట్టి తేల్చిన సంగతి. ఆయన ఉత్సాహంగా వంటింట్లోకి వెళ్ళి చెప్పాడు.

"పెద్దది పైనుంటే మింగుడు పడదా?" అంది భార్య.

చివరికి జవాబు చూశాడు. అందరినీ పెంచి ఒకణ్ణి వదిలేయడమంటే, తేడాల లెక్కలో, ఆ ఒకణ్ణి తగ్గించడమే. కాబట్టి అన్నిటినీ అతి చిన్నదాని దాకా దించితే సరి: మొత్తంలోంచి, అతి చిన్న అంకెని, అంకెలు ఎన్నున్నాయో దానితో హెచ్చవేసి తీసేయాలి. 6లోంచి 3 పోతే 3. ఒక్క లైను.

ఏప్రిల్లో టీమంతటికీ ఇంక్రిమెంట్లు వచ్చాయి, ఆయనకి తప్ప. "మీ జీతం తగ్గించలేదు కదండీ," అన్నాడు మేనేజరు. అప్పుడు ఆయన కూడా నిజమేననుకుని, థాంక్స్ చెప్పి మరీ బయటికొచ్చాడు.

ఇంటర్వ్యూ గురువారం.