కట్టకు ఓనరు కావలెను

హైదరాబాద్‌లో ఓనరు లేని వస్తువు దొరకడం కష్టం. ఫుట్‌పాత్‌కు ఓనరుంటాడు. పార్కింగ్ జాగాకు ఓనరుంటాడు. మధ్యాహ్నం పన్నెండు దాటితే మెట్రో పిల్లర్ నీడకు కూడా ఒక ఓనరు తయారవుతాడు. ఇక చెరువంటారా, శికానికి, అంటే చెరువు లోపలి భూమికి, పట్టాదారు ఉన్నాడు. చేపలకు సంఘం ఉంది. పక్కన వేసిన బోరు నీళ్లకు ట్యాంకరాయన ఉన్నాడు. నిమజ్జనానికి ఉత్సవ సమితి ఉంది. ఎటొచ్చీ ఆ నీళ్లను నిలబెట్టే మట్టి కట్టకే నా అన్నవాళ్లు లేరు.

బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్ దాటి అవతలికి పోతే సున్నం చెరువు. చెరువొకటే గానీ దాని చుట్టూ సర్కారు పటం మాత్రం ముక్కలు ముక్కలు. గుట్టల బేగంపేట రంగారెడ్డి జిల్లా, అల్లాపూర్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, బోరబండ హైదరాబాద్ జిల్లా. నీళ్లకు ఈ సంగతి తెలియక పాపం పల్లం చూసి పారతాయి. 2024 సెప్టెంబరు 8న చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజర్లు ఇక్కడికి వచ్చినప్పుడు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) అనే మాట బోరబండ చాయ్ బండ్ల దగ్గర చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చింది. చెరువు పక్కన బోర్లు వేసి అమ్ముతున్న నీళ్లలో సీసం పరిమితి దాటిందని తేలాక, 2025లో ట్యాంకర్లు కూడా ఆగాయి. హైడ్రా మొదటి విడతలో బాగు చేయడానికి తీసుకున్న ఆరు చెరువుల్లో ఇదొకటి. సంతోషం. కానీ నగరంలో, చుట్టుపక్కల ఇలాంటి చెరువులు ఇంకా వందల్లో ఉన్నాయి, అన్నిటికీ బుల్డోజరు యోగం పట్టదు.

ఏ చెరువు దగ్గరికైనా పోయి అడిగి చూడండి.

"శికం మాదే సారూ, తాతల నాటి పట్టా."

"మరి కట్టకు బుంగ పడితే?"

"అదెట్ల? కట్ట సర్కారుది గద!"

సర్కారు దగ్గరికి పోతే అక్కడ ఇంకా తేటగా చెబుతారు. కట్ట ఒక శాఖది, కట్ట మీద రోడ్డు ఇంకొకరిది, రోడ్డు కింద డ్రైనేజీ పైపు మరొకరిది, వాకింగ్ ట్రాక్ మీద లైట్లు వేరేవాళ్లవి, ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతేది ఇంకో కమిటీ. ఎవరికి వారే యమునా తీరే. ఎండాకాలం శికం ఆరినప్పుడు అందరూ ఓనర్లే. వానాకాలం కట్ట నానినప్పుడు అందరూ కిరాయిదార్లే.

ఈ రోగం ముందే తెలిసిన మహానుభావులున్నారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించి, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు రాతి మీద చెక్కించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాయించాడు. కట్టలోంచి నీరు ఊరడం ఆ ఆరు దోషాల్లో ఒకటి. ఇద్దరు రాజుల సరిహద్దులో చెరువు ఉండటం మరొకటి. ఆరున్నర శతాబ్దాల కిందట ఆయన బోరబండ వైపు ఎప్పుడొచ్చి చూసిపోయాడో!

అప్పట్లో ప్రైవేటువాళ్లు కట్టిన చెరువులు లేవా అంటే బోలెడు. రాయలసీమలో దశబంధం ఇనాములని ఉండేవి. చెరువు తవ్వించినవాడికో, తెగిన కట్ట పోయించినవాడికో శిస్తు మినహాయించి భూమి ఇచ్చేవారు. బదులుగా కట్ట బాగోగులు చూస్తూ కాపాడాలి. చూడకపోతే ఇనాం వెనక్కి పోతుంది. మన కాలం ఈ పద్ధతిని ఎంతో అభివృద్ధి చేసింది. ఆనాడు కట్ట నిలిస్తే భూమి దక్కేది, ఈనాడు కట్ట కుంగితేనే దక్కుతుంది. అలుగు ఒక్క మూర కిందికి దించితే చాలు, చెరువు నిండు మట్టం తగ్గి ఎకరాలకు ఎకరాలు మునక నుంచి బయటపడతాయి. గునపం ఖర్చు తప్ప వేరే పెట్టుబడి లేని రియల్ ఎస్టేటు ఇదొక్కటే.

మరి కట్టను రోజూ చూసే మనిషి ఎవరు? వెనక ఊరికో నీరడి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం అతని పనిగా పైకి కనిపించేది గానీ, అసలు పని కట్ట వెంట నడవడం. ఎలుక బొరియ ఎక్కడ ఉంది, చెదపుట్ట ఎక్కడ లేచింది, ఏ తాటిచెట్టు ఎండి దాని వేళ్లు కుళ్లి మట్టిలో గొట్టాల్లా మిగిలాయి, ఇవీ అతని లెక్కలు. కట్ట బయటి వాలు అడుగున తడి కనిపిస్తే వంగి దోసిట్లోకి పట్టి చూసేవాడు. నీళ్లు తేటగా ఉంటే మామూలు ఊట. మట్టి రంగు తిరిగితే కట్ట లోపలి నుంచి మట్టి కొట్టుకొస్తున్నట్టే, ఇక గంటల్లోనే బుంగ. అప్పుడు ఊరంతా తట్టలు పట్టుకుని ఉరకాల్సిందే. ఈ పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు, టెండరు అసలే అక్కర్లేదు. బహుశా అందుకే ఆ ఉద్యోగం పోయింది.

ఇప్పుడు కట్ట మీద బదిలీ లేకుండా ఉన్నది ఒక్క కట్టమైసమ్మే. ఆషాఢంలో బోనాలకు అమ్మవారి గుడికి రంగులేస్తారు, కొత్త టైల్స్ పరుస్తారు, రేకుల షెడ్డు తీసి స్లాబు పోస్తారు. గుడికి నాలుగు అడుగుల అవతల కట్ట లోపలి వాలు మీద రాతి పరుపు జారి చెరువులో పడి ఉంటుంది. దాని మీద ఒక తట్ట మొరం వేసే భక్తుడు కనపడడు. అమ్మ చూసుకుంటుందిలే అని!

చట్టం లేదా అంటారేమో. ఉంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ముంచేసింది. ఆ డిసెంబరులోనే ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. 15 మీటర్ల ఎత్తు దాటిన కట్టలకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మధ్యవి కొన్ని షరతులకు లోబడి లోపలికి వస్తాయి. 10 మీటర్ల లోపుది మాత్రం చట్టం కంటికి గట్టు కిందే లెక్క. మన చెరువు కట్టలు దాదాపు అన్నీ ఆ గట్ల కోవలోవే.

నీళ్లు ఈ చట్టం చదివినట్టు లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచినప్పుడు, పైన పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తర్వాత విచారణకు వచ్చిన విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. చెరువు తెగితే కింది చెరువు మీద పడుతుంది, అది ఇంకో దాని మీద. గొలుసుకట్టు అంటే కలిసి నిండటమే కాదు, కలిసి తెగడం కూడా. నూట పన్నెండేళ్ల తర్వాత 2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి జాతీయ రహదారినే కోసేసింది. మైలార్‌దేవ్‌పల్లి వైపు పల్లె చెరువు, నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు. మనుషులు పోయారు. దర్యాప్తులు జరిగాయి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడం మన దగ్గర ఆనవాయితీ గనుక తప్పుపట్టలేం.

నగరంలో చెరువుకు ఇంకో కొత్త జబ్బు. వెనక ఎండాకాలానికి పొలాలు తాగి చెరువు ఖాళీ అయ్యేది. తొలి వానలు పట్టుకోవడానికి జాగా ఉండేది. ఇప్పుడు ఆయకట్టు అపార్ట్‌మెంట్ అయింది, తూము పూడింది, మురుగు మాత్రం మూడొందల అరవై అయిదు రోజులూ వస్తుంది. అంటే చెరువు మే నెలలోనే నిండుకుండ. మీద కుండపోత పడితే నీళ్లు పోవాల్సిన అలుగు ముందర ఎవరిదో ప్రహరీ. ఇక మిగిలిన దారి కట్ట పైనుంచి. కాంక్రీటు గోడైతే పైనుంచి పొర్లినా కాసేపు ఓర్చుకుంటుంది, మట్టి కట్ట ఓర్చుకోదు. అయినా మనం ఆ కట్ట మీద జిమ్ము పరికరాలు బిగించి, ఊరి పేరు పక్కన ఎర్రటి హృదయం బొమ్మ నిలబెట్టి సుందరీకరణ పూర్తయిందంటాం.

కాబట్టి ఈ ప్రకటన.

కావలెను: మట్టి కట్టకు ఓనరు. శికం మీద, చేపల మీద, ఫ్లెక్సీ మీద హక్కులుండవు. వానాకాలం రాత్రుళ్లు టార్చి పట్టుకుని కట్ట నడవవలెను. తుమ్మ మొక్కలు చెట్లు కాకముందే పీకవలెను. అలుగు ముందర గోడ కట్టిన కార్పొరేటర్ గారి బావమరిదితో మాట్లాడగల ధైర్యం అదనపు అర్హత. జీతం: కట్ట తెగకపోతే ఎవరికీ గుర్తుండరు, తెగితే సస్పెన్షన్.

దరఖాస్తులేమీ రాకపోవచ్చు. ఈలోగా కట్ట కింద కాపురముంటున్న అయ్యలారా, అమ్మలారా, పెద్ద వాన పడ్డ రోజు కట్ట బయటి వాలు అడుగున ఒకసారి చూడండి. నీళ్లు తేటగా ఊరుతుంటే ఫోటో తీసి ఇరిగేషన్ ఏఈ గారికి పంపండి. మట్టి రంగులో వస్తుంటే ఫోటో తర్వాత తీసుకోవచ్చు, ముందు పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని మిట్టకు చేరండి.