నేనూ, నా పక్కన చుక్కా

నేను సీసపు అక్షరాన్ని. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసిన ఇంగ్లీషు ‘కె’ని. ఉండేది హొసూరు బజారులో ఒక పాత అచ్చుకూటంలో, టైపు కేసులో నాకిచ్చిన గడిలో. తమిళం, కన్నడం, తెలుగు, ఇంగ్లీషు కేసులు ఒకే గదిలో సర్దుకోవలసిన ఊరిది. ఊరి పేరు కన్నడం, ఆఫీసు తమిళం, బేరికె, సూళగిరి, బాగలూరు వైపు పల్లెల్లో ఇంటి మాట చాలామందికి తెలుగు. ఆఫ్‌సెట్ వచ్చాక నాకు పని తగ్గింది, ఆలోచన పెరిగింది. సీసపు అక్షరం పుట్టడమే తిరగబడి పుడుతుంది. అందుకేనేమో మనుషులు ముందునుంచి చదివేదాన్ని నేను వెనకనుంచి చదువుతాను. పెండ్లిపత్రికలో పేరుకు ముందు నిలబడడం నా ఉద్యోగం, నా పక్కన ఒక చుక్క. కృష్ణగిరి జిల్లా తెలుగువాళ్ళ ఇంటిపేర్లు అరుదైపోయాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అవి ఈ చుక్క కింద పడి ఉన్నాయి.

అసలు ఇంటిపేరు ఎలా పుడుతుందో ముందు చూద్దాం. ఐరోపాలో మా జాతిని మొదట పోతపోసినవాడి పేరే నాకు తొలి సాక్ష్యం. గూటెన్‌బర్గ్ తండ్రిది గెన్స్‌ఫ్లైష్ వంశం. గూటెన్‌బర్గ్ అన్నది మైన్జ్ నగరంలో ఆ కుటుంబం కాపురమున్న ఇంటికున్న పేరు. అక్షరాలా ఇంటిపేరే! స్విట్జర్లండులో జర్మన్ మాట్లాడే పల్లెల్లోనూ పేర్లు ఇలాగే పుట్టాయి. వంతెన దగ్గర ఉండేవాళ్ళు జుర్‌బ్రిగ్గెన్, పొలంలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఇమ్‌హోఫ్, జూరిక్ నుంచి వచ్చినవాళ్ళు జూర్చర్. ఈ చివరిది గమనించండి. జూరిక్‌లో ఉన్నంతకాలం అందరూ జూరిక్‌వాళ్ళే కాబట్టి ఆ మాటతో ఎవరికీ పనిలేదు, ఊరు దాటాకే అది పేరవుతుంది. మన కందుకూరి కూడా అంతే. కందుకూరు, కందుకూరి అన్న తేడాలోనే ‘ఆ ఊరికి చెందిన’ అన్న అర్థం ఇమిడి ఉంది. కందుకూరులోనే ఉండిపోయినవాణ్ణి అలా పిలవాల్సిన అవసరం లేదు. అంటే ఊరిమీద వచ్చిన ఇంటిపేరు ఒక ప్రయాణానికి రసీదు. స్విస్ పాస్‌పోర్టులో ఈనాటికీ పుట్టిన ఊరు వేయరు, పూర్వికుల సొంత ఊరు వేస్తారు. ఆ పనిని తెలుగువాడి ఇంటిపేరు ఏ పాస్‌పోర్టూ లేకుండానే చేసింది. హొసూరు తెలుగువాళ్ళంతా విజయనగర కాలంలో దిగివచ్చినవాళ్ళేనని కొందరు, మొరసునాడనే ఈ ప్రాంతపు మట్టిలోనే పుట్టినవాళ్ళని కొందరు వాదించుకుంటారు. రెండు రకాలవాళ్ళూ ఉండవచ్చు. ఎవరు ఏ రకమో తేల్చడానికి శాసనాలు అందరికీ దొరకవు, ఇంటిపేరు మాత్రం ప్రతి కుటుంబానికీ ఉంది. తీరా చూడబోతే ఆ రసీదు మీదే చుక్క పడింది.

ఎలా పడిందో నా ఒంటిమీదే చూపిస్తాను. కె. కామరాజ్ అన్నప్పుడు నేను కుమారస్వామిని, అంటే తండ్రిని. కె. వీరేశలింగం అన్నప్పుడు కందుకూరిని, అంటే ఊరిని. అచ్చులో రెండుచోట్లా ఒకే సీసం, ఒకే సిరా. మా కేసులోని ‘ఎస్’ కథ ఇంకా చిత్రం. ఎస్. రాధాకృష్ణన్‌లో అది సర్వేపల్లి, నెల్లూరు జిల్లా ఊరు. ఆయన పుట్టిన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది గాని, పేరులో ఉన్న ఊరు నెల్లూరు జిల్లాలోనే ఉంది. హొసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ సంగతి చూడండి. సి. రాజగోపాలాచారిలోని ‘సి’ చక్రవర్తి. ఆయన తండ్రి పేరుకు ముందూ అదే ఉంది, కాబట్టి అది వంశం. కృష్ణగిరి నుంచి లోక్‌సభకు వెళ్ళిన ఆయన కొడుకు సి. ఆర్. నరసింహన్‌కు వచ్చేసరికి మొదటి అక్షరం వంశం, రెండోది తండ్రి. 2024లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు కాబట్టి ఆయన ఇంటి మాట దేశానికి తెలిసింది. పేరు ముందున్న నన్ను చూసి ఎవరికీ ఏమీ తెలియదు. తెలుగు ఇంటిపేరుకు, తమిళ తండ్రిపేరుకు ఒకే గడి ఇచ్చినచోట, చుట్టూ ఉన్న ఆచారమే గెలిచింది.

ఇక్కడ అరుదు అన్న మాటను పరీక్షించాలి. ఇంటిపేర్లు ఎందుకు అంతరిస్తాయని ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో గణితజ్ఞుల ముందు ఒక లెక్క పెట్టాడు. హెన్రీ వాట్సన్ దానికి దారి చూపగా, 1874లో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం అచ్చువేశారు. వాళ్ళ లెక్కలో పేరు చావడానికి కారణం మగసంతానం తెగిపోవడం. కృష్ణగిరిలో ఆ లెక్క పనిచేయదు. ఇక్కడ కొడుకులున్నారు, మనుమలున్నారు, పొలాలున్నాయి, పేరే కాగితం మీద లేదు. కాగితాన్ని చూసి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేవాళ్ళు అందుకే పొరపడతారు. ఇటీవల పాస్‌పోర్టు ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. అందులో ఇంటిపేరుకు వేరే గడి ఉంది. ఖాళీగా వదిలినవాళ్ళకు విదేశాల్లో తిప్పలు. 2022 నవంబరులో యూఏఈ, ఒకే పేరున్న ప్రయాణికులను సందర్శక వీసాల మీద రానివ్వమంది. తండ్రిపేరు పాస్‌పోర్టు రెండో పేజీలో ఉంటే చాలని తరవాత సడలించింది. ఆ గడి నింపడానికి చాలామంది తండ్రి పేరు రాస్తారు. తండ్రి మునియప్ప అయితే కొడుకు ఇంటిపేరు మునియప్ప, మనవడిది మరొకటి. రేపు ఎవరో యంత్రంతో లెక్కవేసి కృష్ణగిరిలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మునియప్ప అని తేలుస్తారు. నవ్వొస్తుంది గాని, నవ్వడానికి సీసానికి నోరు లేదు.

ఇంటిపేరు బయటపడితే కులం బయటపడుతుంది, చుక్క కప్పివుంచడమే మేలు అన్నది గట్టి అభ్యంతరం. తేలిగ్గా తోసెయ్యను. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహానాడు కులపు తోకలు కోసెయ్యమంది, తమిళనాడు చాలావరకు కోసింది. అది మంచిపని. కానీ తోక ఉండేది పేరు చివర, ఇంటిపేరు ఉండేది మొదట. ఒకే ఊరినుంచి కదిలిన వేరువేరు కులాలవాళ్ళు ఒకే ఇంటిపేరు మోస్తున్నారు. అంతకన్నా మంచి జవాబు ఆ ఉద్యమ నాయకుడి పేరులోనే ఉంది. ఇ. వి. రామసామి చివరనున్న నాయకర్‌ను తీసేశారు, మొదటనున్న ‘ఇ’ని ఉంచుకున్నారు. అది ఈరోడు, ఆయన ఊరు. అయితే చిన్న పల్లెలో ఇంటిపేరు చెప్పగానే కులం ఊహించేవాళ్ళుంటారన్నది నిజమే. అలాంటివాళ్ళు ఇల్లున్న వీధిని బట్టి కూడా ఊహిస్తారు. అందుకని వీధి పేరు చెరిపెయ్యం కదా.

ఐస్‌లండులో తండ్రి పేరుతోనే నడుస్తున్నారు, వాళ్ళకేం లోటని ఇంకొకరు అడగవచ్చు. లోటేమీ లేదు. వాళ్ళ ఆచారమే అది, దానికింద మరో పేరు దాగలేదు. తమిళులకూ అది సొంత పద్ధతే. ఇక్కడి తెలుగువాళ్ళ కుటుంబాల్లో సంబంధం చూసేటప్పుడు ఇంటిపేరు అడుగుతారు, ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ముల వరస అని ఆగిపోతారు. నోట బతికి ఉన్నది రాతలో లేకపోవడమే నా ఫిర్యాదు. ఆడవాళ్ళ విషయంలో మాత్రం రెండు పద్ధతులూ ఒక్కటే: పెండ్లితో తండ్రి చుక్క పోయి భర్త చుక్క వచ్చినా, పుట్టింటిపేరు పోయి అత్తింటిపేరు వచ్చినా పోయేది ఆమెదే. ఇంటిపేరును వెనకేసుకొచ్చే నా దగ్గర దానికి జవాబు లేదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం ఇనిషియల్‌నూ తమిళంలోనే రాయాలంది. రాష్ట్ర భాషకు అది న్యాయమే. కానీ తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరం. గుడిపాటి అయినా కుందుర్తి అయినా మొదటి అక్షరం కాగితం మీద ఒకేలా కనిపిస్తుంది. ఒక్క అక్షరంతో సరిపెడితే వచ్చే నష్టం ఇది, తప్పు తమిళానిది కాదు.

కాబట్టి హొసూరు, కృష్ణగిరిలో పెండ్లిపత్రిక వేయించే అన్నలారా, అక్కలారా, తండ్రి ఇనిషియల్ ఉండనివ్వండి, దాని పక్కన ఇంటిపేరు కూడా పూర్తిగా వేయించండి. నన్నొక్కడినే పట్టుకెళ్ళకండి. మిగతా అక్షరాలూ కేసులోనే ఉన్నాయి.