3,111 రూపాయల ఊరు

సొంత ఊరిలో అద్దె ఇంటి గోడ పెచ్చూడినచో యజమానితో తగవు పెట్టుకొని, నెల అద్దెలో కొంత తగ్గించినగాని ఊరకుండని మనుష్యుడు, సెలవుదినములు వచ్చినంతనే సముద్రతీరమున ఏ శతాబ్దముల నాటి గృహమునో వెదకుకొనిపోయి, అచ్చటి పెచ్చులూడిన గోడకు అదనపు రుసుము చెల్లించి, దాని యెదుట నిలిచి ఫోటో తీయించుకొనుట ఈ కాలపు వింతలలో ఒకటి. ఆ వింతమనుష్యులలో నేనును ఒకడను.

మేము దిగిన ఇల్లు తరంగంబాడిలో నున్నది. చెన్నపట్టణమునుండి తీరము వెంబడి దక్షిణముగా పోయి, చిదంబరమును పూంపుహారును దాటిన పిమ్మట, కారైక్కాలునకు ముందు వచ్చు బెస్తపల్లె అది. డెన్మార్కువారగు డేనులు దీనిని ట్రాంకేబారు అనిరి. ఊరి ముంగిట 1792 నాటి ద్వారము. ద్వారము దాటిన రాజవీథి. ఆ వీథిలో 1701లోను 1718లోను కట్టిన రెండు చర్చిలు. సముద్రపుటొడ్డున 1620 నాటి డాన్స్‌బోర్గ్ కోట. వీని కావల వలలు ఆరవేసుకొన్న బెస్తవాడ.

మా ఇంటి గోడలు మూరకు మించిన మందము కలవి. వానిని దాటి పూర్వము ఫిరంగిగుండు రాజాలకుండెనో లేదో గాని, నేడు సెల్‌ఫోను సిగ్నలు మాత్రము రాజాలదు. కావున ఎవరైన పిలిచిరా, నేను మేడమీదినుండి కొయ్యమెట్లు చప్పుడగునట్లు పరుగున దిగి, స్తంభముల వసారాలో నిలువబడి, సముద్రఘోషను మించిన గొంతుతో నా కుశలమును ఊరివారికందరికిని వినిపింపవలసివచ్చెడిది. ఉప్పుగాలికి రాలిన సున్నము ఉదయమున దిండుమీదను మధ్యాహ్నమున పళ్లెములోను ప్రత్యక్షమగుచుండెను. దేనిని గురించి విన్నవించినను, ఇల్లు చూచుకొను పెద్దాయన "పాత ఇల్లు గదా సార్" అని, ఆ ఒక్క మాటలో మా ఫిర్యాదునకు సమాధానమును వారి అద్దెకు సమర్థనమును ఇమిడ్చి, చిరునవ్వుతో వెడలిపోవువాడు.

"ఏమండీ, మన ఇంటి ఓనరు ఈ మాటంటే మీరు ఊరుకునేవారేనా?" అని నా భార్య.

"మన ఇల్లు ఇంకా అంత పాతబడలేదే!" అంటిని.

అద్దె ప్రసంగము వచ్చినది గనుక ఈ ఊరి అసలు అద్దె ఎంతయో చెప్పుట న్యాయము. తంజావూరి నేలిన రఘునాథనాయకుడు, వాల్మీకిచరిత్రమును రచించిన మన తెలుగు కవియే, 1620లో ఓవే గియెడ్డె అను డేనిష్ నౌకానాయకునితో ఒడంబడిక చేసికొని, సాలుకు 3,111 రూపాయలకు వారి నిచ్చట ఉండనిచ్చెను. ఆ సందర్భమున ఆయన డెన్మార్కు రాజగు నాలుగవ క్రిస్టియనునకు బంగారు రేకుపై పంపిన లేఖ తమిళమున నున్నది; సంతకము మాత్రము తెలుగు. అనగా మనము ఇంటి యజమానుల జాతివారము! ఏడాది పొడవునకు కోట కట్టుకొను చోటును, మిరియములు ఎగుమతి చేసికొను హక్కును కలిపి తెలుగు రాజు పుచ్చుకొన్న సొమ్ముకంటె, అచ్చటనే ఒక్క గదిలో ఒక్క రాత్రి పండుకొన్నందులకు తెలుగువాడు ఇచ్చుకొన్న సొమ్ము ఎక్కువ. లోకములో అద్దె లెట్లు పెరుగుచున్నవో ఇంతకంటె నిదర్శనము వేరొకటి కావలయునా?

ఆ అద్దెకున్నవారి పాట్లును వినదగినవే. 1640ల తొలినాళ్ల తరువాత స్వదేశమునుండి ఓడ వచ్చుట మానెను. మిగిలిన కొద్దిమంది డేనులు, ఎస్కిల్డ్ కాంగ్స్‌బక్కె అను సామాన్యుని నాయకునిగా చేసికొని, పాతికేండ్లకు పైబడి సముద్రమువంక చూచుచు కూర్చుండగా, 1669లో గాని మరల ఓడ కనబడలేదు. ఉదయము ఆరింటికి చెప్పిన కాఫీ ఎనిమిదైనను రానపుడు వసారాలో కూర్చుండి నేను ఈ వృత్తాంతమును నా భార్యకు వివరించి, ఓర్పు నుపదేశించితిని. ఆమె "వాళ్లకు కాఫీ అలవాటు లేదేమో" అనెను. ఇంత ఓర్చిన ఆ డేనులు తుదకు చేసిన పని యేమి? 1845లో ఊరిని ఇంగ్లీషు కంపెనీకి అమ్మి వెడలిపోయిరి. అద్దెకు దిగినవాడు ఇల్లమ్ముకొని పోవునను భయము ఇంటి యజమానులకు ఊరకనే కలుగలేదు.

ఇక చేపలు. బెస్తపల్లెకు పోయి తాజా చేప తినవలయునని మేము మే నెలలో వెళ్లితిమి. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవలు కదలవు. ఒడ్డున పడవలన్నియు మాకంటె నిశ్చింతగా సెలవులు గడుపుచుండెను. తెప్పలమీద పోవు ముసలివారు తెచ్చు నాలుగు చేపలు పల్లెవారి పులుసునకే చాలవు. అయినను రాత్రి భోజనములో వంజరము వచ్చెను. ఎక్కడిదని అడుగగా పెద్దాయన, "కొచ్చి నుంచి సార్, ఐసులో" అనెను. పడమటితీరమున వేట అప్పటి కింకను ఆగలేదు. చెన్నపట్టణమునుండి వచ్చిన మాకంటె ఎక్కువ దూరము ప్రయాణించి, మాకంటె చల్లగా వచ్చిన ఆ మత్స్యమును గౌరవముతో భుజించితిమి.

బయలుదేరు నాడు పెద్దాయన రిజిస్టరు తెచ్చి సంతకమునకై నా ముందుంచెను. రఘునాథనాయకుని దలచుకొని, అక్షరములు గుండ్రముగా వచ్చునట్లు తెలుగున సంతకము చేసితిని. ఆయన పుస్తకమును అటు త్రిప్పి ఇటు త్రిప్పి చూచి, "ఇదేం భాష సార్?" అనెను.

"ఈ ఊరిని అద్దెకిచ్చిన రాజుగారి భాష."

"అలాగా! మంచిది సార్. కింద ఇంగ్లీషులో ఒకసారి రాసి, ఆధార్ జెరాక్సు ఇవ్వండి."

బంగారు రేకుకు జెరాక్సు అడుగు నాథుడు లేని కాలమున పుట్టిన రఘునాథనాయకుడు ధన్యుడు.