బొటనవేలి న్యాయపీఠం

బొటనవేలి న్యాయమూర్తిగారికి దండాలు! తమరికి నల్లకోటు అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు, చార్జిషీటు అసలే అక్కర్లేదు. సెల్లులో చార్జింగ్ ఉంటే కోర్టు తెరిచినట్టే.

తమరి ప్రతాపం తెలియాలంటే షాద్‌నగర్‌ను అడగాలి. 2019 నవంబరు 28 పొద్దున, బెంగళూరు హైవే మీద చటాన్‌పల్లి వంతెన కింద అత్యాచారానికీ హత్యకూ గురైన ఒక పశువైద్యురాలి కాలిన దేహం దొరికింది. కన్నవాళ్ల ఏడుపు ఆగకముందే తమరు బెంచి ఎక్కేశారు.

మొదటి విచారణ చనిపోయిన పిల్లకే. అంత రాత్రి బయటేం పని? చెల్లెలికి ఫోన్ చేసే బదులు 100కు చేయొచ్చుగా? ఈ రెండో ప్రశ్న నాటి రాష్ట్ర హోంమంత్రిగారి నోటే వచ్చింది గనుక తమరికి ఇక అడ్డేముంది! ఆ రాత్రి ఇంటివాళ్లు పోలీసుల కాడికి పరుగెత్తితే, ఇది మా పరిధి కాదంటూ ఠాణాల మధ్య తిప్పారు. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా. ఆ ముక్క మాత్రం తమరి రికార్డుకెక్కలేదు.

ఆపైన తమరికి జాలి పొంగింది. అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే 2 ఏళ్ల దాకా జైలని నాటి ఐపీసీ 228ఏ సెక్షన్ చెప్పేది. తమరేమో ఆ పేరుకే హ్యాష్‌ట్యాగ్ తగిలించారు, నవ్వుతున్న ఫొటో పక్కన కొవ్వొత్తి బొమ్మ అతికించారు, షేర్ చేయనివాడు మనిషే కాదని తీర్పిచ్చారు. ‘దిశ’ అని పిలవండయ్యా అని పోలీసులు చెప్పేసరికి అసలు పేరు దేశమంతా తిరిగొచ్చింది. అశ్లీల వెబ్‌సైట్లలోనూ జనం అదే పేరు వెతికారని పత్రికలు రాశాయి. కొవ్వొత్తి పెట్టిన వేలూ, అక్కడ వెతికిన వేలూ ఒకటి కాదని తమరు ప్రమాణం చేస్తారా?

నిందితులు నలుగురు, లారీ పనివాళ్లు. అందులో ముగ్గురి పేర్లు మింగేసి, మతం చూసి ఒక్కడి పేరే ఊరేగించారు కొందరు. మక్తల్ వైపు పల్లెల్లో ఆ లారీ పనివాళ్లను కన్న తల్లులకూ శాపనార్థాలు పెట్టారు. నవంబరు 30న షాద్‌నగర్ ఠాణా ముందు ‘మాకప్పజెప్పండి’ అని వేలమంది మోహరిస్తే, మెజిస్ట్రేటే ఠాణాకొచ్చి రిమాండ్ వేయాల్సి వచ్చింది. డిసెంబరు 6 తెల్లవారుజామున అదే చటాన్‌పల్లిలో పోలీసు తుపాకులు పేలాయి, నలుగురూ చనిపోయారు. వంతెన మీంచి పోలీసులపై పూలు కురిశాయి. చంపాలనే కాల్చారనీ, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లనీ ఆ కాల్పులపై విచారణ జరిపిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చిన నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. అప్పటికి తమరు ఇంకెవరి కొంపమీదో విచారణలో ఉన్నారు.

దయ చూపమంటే దోషిని ఇంటికి పంపమంటున్నాననుకుంటారు తమరు. నేరం రుజువైతే శిక్ష పడాల్సిందే, అది కోర్టు చూసుకుంటుంది. తమరి నుంచి కోరేది చాలా చిన్న పని: ముక్కూమొహం తెలియని మనిషి కష్టం తెర మీదికొచ్చినప్పుడు, ఇది ఆ ఇంటివాళ్లు చదివితే ఎట్లుంటదని ఒక్కసారి అనుకోండి. సగం తీర్పులు వేలి కొసనే ఆగిపోతాయి.

అసలు కోర్టులో ఎంతటి దోషికైనా ఒక వకీలుంటాడు. తమరి కోర్టులో బాధితురాలికే వకీలు లేడు. ఆ వకాల్తా పుచ్చుకోవచ్చు కదా అంటే ఒక్క వేలూ లేవదు. మరి దానికి లైకులు రావు.